బాలల తుపాకీ గురిపోటీలు - తల్లిదండ్రుల స్వచ్ఛంద సేవ: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పాఠశాల విద్యార్థుల కోసం జరిగే తుపాకీ గురిపోటీలు చాలావరకు తల్లిదండ్రుల స్వచ్ఛంద సేవ మీద ఆధారపడి నడుస్తాయి. ఈ పోటీలలో తల్లిదండ్రులు చేసే పనులు ఏవి? ఆ పనులను నియంత్రించే నియమాలు ఏవి? తన బిడ్డ పాల్గొనే పోటీలో తల్లి గాని తండ్రి గాని నిష్పాక్షికంగా బాధ్యత నిర్వహించడం ఎలా సాధ్యమవుతుంది? ఈ ప్రశ్నలకు సమాధానాలను వివరించడం, తెలుగు కుటుంబాలకు ఈ విషయంతో ఉన్న సంబంధాన్ని సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గురిపోటీలు, ట్రాప్ షూటింగ్, స్వచ్ఛంద సేవ, తల్లిదండ్రులు, భద్రత, నిష్పాక్షికత, ప్రవాస తెలుగు కుటుంబాలు.

1. ప్రవేశిక

మహాభారతం ఆదిపర్వంలోని కుమారాస్త్రవిద్యాప్రదర్శన ఘట్టం తెలుగు పాఠకులకు సుపరిచితం. ద్రోణుడు నేలను కొలిపించి రంగస్థలం సిద్ధం చేయిస్తాడు. రాజకుమారులు తాము నేర్చిన విద్యను అక్కడ ప్రదర్శిస్తారు. చూపు లేని ధృతరాష్ట్రునికి విదురుడు, కళ్ళకు గంతలు కట్టుకొన్న గాంధారికి కుంతి జరుగుతున్నదంతా వివరిస్తారు. కర్ణుడు అర్జునునితో ద్వంద్వయుద్ధానికి సిద్ధపడినప్పుడు కుంతి మూర్ఛపోతుందే తప్ప నోరు విప్పి చెప్పదు. ఆయుధం పట్టిన బిడ్డను చూస్తున్న తల్లిదండ్రులకు ఆ రంగస్థలంలో మిగిలినవి గర్వం, భయం, మౌనం మాత్రమే. నిర్వహణ అంతా గురువులదే.

ఆధునిక కాలంలో అమెరికాలో జరిగే బాలల గురిపోటీలలో తల్లిదండ్రుల స్థానం ఇందుకు భిన్నమైనది. అక్కడ వారు ప్రేక్షకులు మాత్రమే కారు. పేర్లు నమోదు చేయడం, గురి తగిలిందో లేదో ప్రకటించడం, ప్రమాదం పొంచి ఉన్నదనిపిస్తే పోటీని నిలిపివేయడం వంటి పనులలో అధిక భాగం వారి చేతుల మీదుగానే జరుగుతుంది. పిల్లల ఆటలకు తల్లిదండ్రులు సాయం చేయడం అన్ని దేశాలలోనూ ఉన్నదే. అయితే ఫుట్‌బాల్ మైదానంలో జరిగే పొరపాటు ఒక గోలుతో ముగుస్తుంది. తుపాకుల మైదానంలో జరిగే పొరపాటు ప్రాణం మీదికి వస్తుంది. అందువల్ల ఈ సేవ స్వరూపాన్ని ప్రత్యేకంగా పరిశీలించవలసి ఉన్నది.

2. నేపథ్యం

అమెరికాలో బాలల గురిక్రీడలకు ఆధారమైన సంస్థలలో 'ఫోర్-హెచ్' ఒకటి. 1902లో ఒహాయో రాష్ట్రంలోని క్లార్క్ కౌంటీలో ఎ.బి. గ్రాహం అనే పాఠశాలాధికారి గ్రామీణ బాలబాలికల కోసం ఏర్పరచిన సంఘం దీనికి మూలంగా చెబుతారు. తల, హృదయం, చేతులు, ఆరోగ్యం అనే అర్థాలనిచ్చే నాలుగు ఇంగ్లీషు మాటల తొలి అక్షరమే ఈ పేరులోని 'హెచ్'. 1914 నాటి స్మిత్-లీవర్ చట్టం వ్యవసాయ విస్తరణ సేవలను విశ్వవిద్యాలయాలతో ముడిపెట్టిన తరువాత ఈ సంఘాలు దేశమంతటా వ్యాపించాయి. పశుపోషణ, కుట్టుపని, తోటపని వంటి అంశాలతో పాటు విలువిద్య, రైఫిల్, పిస్టల్, షాట్‌గన్ వంటి విభాగాలలో కూడా ఈ సంస్థ శిక్షణ ఇస్తుంది.

రెండవ ఉదాహరణ మిన్నెసోటా రాష్ట్రంలో పుట్టిన ఉన్నత పాఠశాలల క్లే టార్గెట్ లీగ్. షూటింగ్ క్లబ్బులలో వయసు మళ్ళినవారే మిగులుతున్నారని గమనించిన జిమ్ సేబుల్ 2001లో పాఠశాల విద్యార్థులతో దీనిని ప్రారంభించారు. తరువాతి కాలంలో ఇది అనేక రాష్ట్రాలకు విస్తరించింది. మిన్నెసోటాలోని అలెగ్జాండ్రియా పట్టణంలో ఏటా రోజుల తరబడి జరిగే రాష్ట్ర పోటీలకు వేల సంఖ్యలో విద్యార్థులు వస్తారు. బాలబాలికలు ఒకే జట్టులో ఆడడం, అభ్యాసమూ పోటీలూ పాఠశాల ఆవరణలో కాక షూటింగ్ రేంజిలలో జరగడం ఈ లీగ్ ప్రత్యేకతలు.

ఈ క్రీడ వెనుక వేట సంప్రదాయం ఉన్నది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం తుపాకులు, తూటాల మీద వసూలయ్యే ఎక్సైజు పన్ను వన్యప్రాణి సంరక్షణకు, వేటగాళ్ళ భద్రతా శిక్షణకు, రేంజిల నిర్మాణానికి వెళుతుంది. మిన్నెసోటాలో 1979 డిసెంబరు 31 తరువాత పుట్టినవారు వేట లైసెన్సు పొందాలంటే తుపాకీ భద్రతా శిక్షణ పూర్తిచేయాలి. ఆ శిక్షణ ఇచ్చేవారిలో అత్యధికులు స్వచ్ఛంద బోధకులే. అంటే పొరుగువారి బిడ్డకు తుపాకీ జాగ్రత్తలు నేర్పడం ఆ సమాజంలో ముందునుంచీ ఉన్న అలవాటు. పోటీలలో కనిపించే తల్లిదండ్రుల సేవ ఆ అలవాటుకు కొనసాగింపు.

ఈ నేపథ్యానికి మరొక పార్శ్వం కూడా ఉన్నది. 2020 నుంచి అమెరికాలో 1 నుంచి 19 ఏళ్ళ వయసువారి మరణాలకు మొదటి కారణం తుపాకులే. అంతకుముందు ఆ స్థానంలో రోడ్డు ప్రమాదాలు ఉండేవి. హత్యలు, ఆత్మహత్యలు, ఇంట్లో జరిగే ప్రమాదాలు అన్నీ ఈ లెక్కలో చేరి ఉన్నాయి. నియమబద్ధంగా జరిగే పోటీలు ఈ మరణాలకు కారణం కాదు. 2001 నుంచి తమ పోటీలలో గాయపడిన విద్యార్థి ఒక్కరూ లేరని క్లే టార్గెట్ లీగ్ నిర్వాహకులు ప్రకటిస్తూ వస్తున్నారు. అయినా బిడ్డ చేతికి తుపాకీ ఇచ్చే తల్లిదండ్రులు ఆ అంకె నీడలోనే ఆ నిర్ణయం తీసుకొంటారు. వారి సేవలోని తీవ్రతకు ఇదొక కారణం.

3. పోటీ స్వరూపం - తల్లిదండ్రుల పనులు

తల్లిదండ్రుల పనులు అర్థం కావాలంటే పోటీ తీరు కొంత తెలియాలి. ఇక్కడ ట్రాప్ అనే విభాగాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. మైదానం ముందుభాగంలో నేలమట్టానికి కొంచెం ఎత్తుగా ఒక చిన్న గది ఉంటుంది. దాని లోపలి యంత్రం గుండ్రని పళ్ళేన్ని గాలిలోకి విసురుతుంది. దీనిని 'క్లే' అంటున్నా ఇది మట్టితో చేసింది కాదు. సున్నపురాయి పొడి, కీలు కలిపి పోతపోసిన ఈ పళ్ళెం అడ్డుకొలత సుమారు 108 మిల్లీమీటర్లు. గది వెనుక 16 గజాల దూరంలో ఐదు స్థానాలుంటాయి. ఐదుగురు పిల్లలు ఒక్కొక్క స్థానంలో నిలబడి వంతులవారీగా కాలుస్తారు. ఒక్కొక్కరు ఒక స్థానం నుంచి ఐదేసి పళ్ళేలు కాల్చిన తరువాత అందరూ ఒక స్థానం కుడివైపుకు జరుగుతారు. ఈ విధంగా 25 పళ్ళేలతో ఒక రౌండ్ పూర్తవుతుంది.

ఒక రౌండ్ వెనుక ఉండే శ్రమ చూసేవారికి కనిపించదు. యంత్రంలో పళ్ళేలు నింపాలి. వరుస పిలవాలి. ప్రతి పిల్లవాని కళ్ళద్దాలు, చెవి రక్షణ చూడాలి. స్కోరు రాయాలి, రాసినది మళ్ళీ కూడాలి. ఖాళీ తూటాల గొట్టాలు ఏరాలి. వాహనాలు నిలిపే చోటు చూపాలి. వంటలు, ప్రథమ చికిత్స, పతకాల బల్ల చూసుకోవాలి. వీటన్నింటికీ జీతం ఇచ్చి మనుషులను పెట్టుకోవలసి వస్తే పాల్గొనే రుసుము సామాన్య కుటుంబాలకు అందనంతగా పెరుగుతుంది. ఆ భారాన్ని తల్లిదండ్రుల చేతి సాయం తగ్గిస్తుంది.

ఒకరి చేలో పని ఉన్నరోజు ఇరుగుపొరుగు వచ్చి చేసిపెట్టడం, వారి చేలో పని పడినప్పుడు వీరు వెళ్ళడం తెలుగు పల్లెలకు తెలిసిన పద్ధతే. గురిపోటీల సేవలో కూడా ఈ ఇచ్చిపుచ్చుకోలు ఉన్నది. నేడు ఒకరి బిడ్డకు స్కోరు రాసినవారి బిడ్డకు రేపు మరొకరు రాస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 తరువాత 'వాలంటీర్' అనే మాట గౌరవ వేతనం పొందే గ్రామ, వార్డు కార్యకర్త అనే అర్థంలో స్థిరపడింది. ఆ అర్థం ఇక్కడ వర్తించదు. కనుకనే ఈ వ్యాసంలో 'స్వచ్ఛంద సేవ' అనే మాటను వాడడం జరిగింది.

4. భద్రత: ఆపగలిగే అధికారం

రేంజిలో నియమాలు కొన్నే. అవి ఎన్నిసార్లు చెప్పినా చాలవు. తుపాకీ గొట్టం ఎప్పుడూ ప్రమాదం లేని దిశలోనే ఉండాలి. కాల్చే క్షణం వచ్చేవరకు వేలు ట్రిగ్గరు మీదికి పోకూడదు. తన స్థానంలో నిలిచి, తన వంతు వచ్చేవరకు తుపాకీ తెరిచి ఖాళీగా ఉండాలి. ఎవరైనా యంత్రమున్న గదిలోకి వెళ్ళినప్పుడు బయట జెండా గాని రంగు గుర్తు గాని పెట్టాలి. అది ఉన్నంతసేపు ఏ తుపాకీ మూయరాదు. షాట్‌గన్ శబ్దం 140 డెసిబెల్స్‌ను మించుతుంది కనుక చెవి రక్షణ పోటీదారులతో పాటు చూసేవారికీ అవసరం. గుండ్లలో సీసం ఉంటుంది కనుక తినేముందు సబ్బుతో చేతులు కడిగించాలి. ఈ చివరి పని చిన్నదిగా కనిపిస్తుంది గాని ఎదిగే పిల్లల విషయంలో నిర్లక్ష్యం చేయదగినది కాదు.

ఈ నియమాలను అమలుపరిచే వ్యక్తి రేంజ్ సేఫ్టీ ఆఫీసర్. శిక్షణ పొందిన తల్లిదండ్రులు కూడా ఈ బాధ్యత తీసుకొంటారు. ఫోర్-హెచ్‌లో బోధకులుగా ఉండదలచినవారు తమ విభాగానికి సంబంధించిన ప్రత్యేక శిక్షణ పొందాలి. వారి పూర్వచరిత్రను కూడా సంస్థ విచారిస్తుంది. చిన్ననాటి నుంచి వేటాడుతున్న తండ్రికైనా ఈ నియమం నుంచి మినహాయింపు ఉండదు. తాను సురక్షితంగా కాల్చడం ఒక విద్య. ఐదుగురు పిల్లల చేతులను ఒకేసారి కనిపెట్టి ఉండడం మరొక విద్య.

సాధారణంగా రేంజిలలో పాటించే నియమం ఒకటి ఇక్కడ గమనార్హం. ప్రమాదం కనిపించినప్పుడు 'ఆపండి' అని కేక వేసే అధికారం ఎవరికైనా ఉంటుంది. వంటల బల్ల దగ్గరున్న తల్లి ఆ మాట అన్నా, పదేళ్ళ పిల్లవాడు అన్నా తుపాకులన్నీ ఆగాలి. కారణం ఏమిటో తరువాత విచారిస్తారు. భారతంలోని అదే ప్రదర్శన ఘట్టంలో భీమ దుర్యోధనుల గదావిన్యాసం నిజమైన పోరుగా మారబోతుంది. ప్రేక్షకులు రెండు పక్షాలుగా చీలిపోతారు. అప్పుడు ద్రోణుడు అశ్వత్థామను పంపి వారిని ఆపిస్తాడు. రంగం అదుపు తప్పకముందే నిలపడం నిర్వాహకుని ధర్మమని ఆ ఘట్టం తెలుపుతుంది. అయితే అక్కడ ఆపే అధికారం ఆచార్యునిది. ఇక్కడ అది రంగంలో ఉన్న అందరిదీ. స్వచ్ఛంద సేవకుల మీద ఆధారపడే వ్యవస్థ భద్రతను ఒక్కరి చేతిలో పెట్టదనడానికి ఇది నిదర్శనం.

5. స్కోరు: మమకారం, న్యాయం

భద్రత తరువాత కఠినమైన పని స్కోరు రాయడం. ఎలక్ట్రానిక్ లక్ష్యాలు వాడే రైఫిల్ పోటీలలో తగిలిన చోటును యంత్రమే లెక్కకడుతుంది. ట్రాప్‌లో ఆ పని మనిషి కంటిది. అమెరికన్ ట్రాప్ నియమాల ప్రకారం పళ్ళెం నుంచి కంటికి కనిపించే ముక్క ఒక్కటైనా విరిగిపడితే అది తగిలినట్లు. పొడి మాత్రం రేగి ముక్క ఊడకపోతే తగలనట్లే లెక్క. తగలని ప్రతి పళ్ళేన్ని స్కోరరు బిగ్గరగా ప్రకటించాలి. ఎండ ఎదురుగా కొడుతున్నప్పుడు, గాలి వీస్తున్నప్పుడు ముక్కకు, పొడికి తేడా అరక్షణంలో తేల్చవలసి వస్తుంది. ఆ అరక్షణంలో కాల్చినది తన బిడ్డ అయితే కన్ను ఏమి చూస్తుంది?

ఇది చూపుకు సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. తన బిడ్డకు ఉదారంగా ముక్కను చూసే తండ్రి ఒకరైతే, పక్షపాతమనే మాట వస్తుందేమోనన్న జంకుతో తగిలినదాన్ని కూడా తగలలేదనే తల్లి ఇంకొకరు. రెండూ అన్యాయాలే. మొదటిది ఇతరుల పిల్లలకు, రెండవది సొంత బిడ్డకు. కాబట్టి వీలైనంతవరకు తల్లిదండ్రులను తమ పిల్లలున్న బృందానికి స్కోరర్లుగా వేయకుండా వేరే మైదానానికి పంపడం మేలు. మనుషులు చాలని చిన్న పోటీలలో అది ఎల్లవేళలా కుదరదు. అటువంటిచోట పద్ధతే రక్ష. బిగ్గరగా ప్రకటించడం వల్ల తీర్పు అందరి చెవిన పడుతుంది. అభ్యంతరముంటే అక్కడికక్కడే చెప్పాలి. రౌండ్ ముగిసిన వెంటనే అందరి ఎదుట స్కోరు చదవాలి. ఈ మూడు ఏర్పాట్లూ స్కోరరు మంచితనాన్ని నమ్ముకొన్నవి కావు. మంచివారికి కూడా మమకారం ఉంటుందని ఒప్పుకొని చేసినవి.

క్లే టార్గెట్ లీగ్ వారంవారం జరిపే పోటీలలో ఈ సమస్య మరింత లోతుగా కనిపిస్తుంది. అక్కడ జట్లు ఒకచోట కలవవు. ప్రతి జట్టూ తమ ఊరి రేంజిలోనే కాల్చి స్కోర్లను ఆన్‌లైన్‌లో నమోదు చేస్తుంది. ప్రత్యర్థి జట్టు మనిషి ఒక్కడూ ఎదుట ఉండడు. ఒక పళ్ళేన్ని అదనంగా రాసినా అడిగేవారు లేరు. అయినా లీగ్ నడుస్తున్నదంటే తమ పిల్లలు ఓడిపోయే స్కోరును కూడా ఉన్నది ఉన్నట్టుగా రాసే పెద్దలు ఊరూరా ఉన్నారన్న నమ్మకమే దానికి పునాది. పెన్సిలు పట్టుకొన్న తల్లి 'తగలలేదు' అని ప్రకటించిన క్షణంలో ఆమె బిడ్డ ఒక పాయింటు కోల్పోతాడు. ఆ తల్లి మాటకు విలువ ఉన్నదని జట్టులోని పిల్లలందరూ తెలుసుకొంటారు. పోటీలో గురి నేర్పేది శిక్షకుడైతే, ఓటమిని నిజాయితీగా నమోదు చేయడం నేర్పేది ఇటువంటి పెద్దలు.

సేవలో ఉన్న తల్లిదండ్రులకు మరొక కట్టుబాటు మౌనం. గీత వెనుక నిలబడి బిడ్డకు సలహాలు కేకవేయడం పద్ధతి కాదు. పళ్ళెం గాలిలో ఉన్న క్షణంలో పిల్లవానికి కావలసినది ఏకాగ్రత. నాన్న గొంతు వినిపిస్తే ఆ ఏకాగ్రత నాన్న మీదికి మళ్ళుతుంది. చేతిలో ఏదో ఒక పని ఉండడం ఈ మౌనానికి తోడ్పడుతుంది. ఊరికే కూర్చున్న తండ్రి కంటే పక్క మైదానంలో పళ్ళేలు నింపుతున్న తండ్రి వల్ల బిడ్డ మీద పడే ఒత్తిడి తక్కువ.

6. పరిమితులు

అమెరికా సమాజంలో సంఘాల పాత్రను 1830ల నాడే ఫ్రెంచి రచయిత తోక్‌విల్ గుర్తించాడు. ఆ సంఘజీవనం క్షీణిస్తున్నదని రాబర్ట్ పుట్నమ్ 2000 సంవత్సరంలో వెలువరించిన 'బౌలింగ్ అలోన్' గ్రంథంలో వాదించాడు. గురిపోటీలలోని తల్లిదండ్రుల సేవ ఆ క్షీణతకు ఎదురు నిలిచే ఉదాహరణగా కనిపించవచ్చు. కాని దాని పరిమితులను కూడా చూడాలి.

మొదటిది సమయం. శనివారం కూడా షిఫ్టుకు వెళ్ళవలసిన తల్లి, ఒంటరిగా పిల్లలను పెంచుతున్న తండ్రి రోజంతా రేంజిలో ఉండలేరు. కుటుంబానికి ఇన్ని గంటల సేవ అని విధించే జట్టులో వారు సిగ్గుపడవలసి వస్తుంది. విధించిన తరువాత అది స్వచ్ఛందం అవుతుందా అనే ప్రశ్న కూడా ఉన్నది. రెండవది పనుల పంపకం. తుపాకీ గీత దగ్గర తండ్రులు, వంటల బల్ల దగ్గర తల్లులు అనే విభజన ఎవరూ నిర్ణయించకుండానే ఏర్పడే ప్రమాదమున్నది. బాలికలు సమానంగా పోటీపడే క్రీడలో వారి కళ్ళెదుట ఆ విభజన కొనసాగడం తగదు. తల్లులకు సేఫ్టీ ఆఫీసర్ శిక్షణ ఇప్పించడం దీనికి సరైన పరిష్కారం. మూడవది అతిపరిచయం. ఏళ్ళ తరబడి కలిసి పనిచేసినవారి మధ్య స్నేహం పెరిగేకొద్దీ ఒకరి పొరపాటును ఒకరు ఎత్తిచూపడం కష్టమవుతుంది. భద్రత విషయంలో అటువంటి మొహమాటానికి చోటు ఉండకూడదు.

7. తెలుగు కుటుంబాలు

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు చదివే పాఠశాలలో ఇటువంటి జట్టు ఉంటే ఒకనాడు ఆ దరఖాస్తు వారి ఇంటికీ వస్తుంది. తుపాకీని పోలీసు నడుముకో, సినిమా తెరకో పరిమితమైనదిగా చూసిన తల్లిదండ్రులకు అది సులభంగా తేలే విషయం కాదు. అభిప్రాయం ఏదైనా, నిర్ణయానికి ముందు తెలుసుకోవలసిన చట్టం ఒకటి ఉన్నది. హెచ్-1బి, హెచ్-4 వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీ గాని తూటాలు గాని కలిగి ఉండడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. రాష్ట్రం జారీచేసిన వేట లైసెన్సు ఉన్నవారికి, వేట కోసం లేదా క్రీడల కోసం దేశంలోకి అనుమతి పొందినవారికి మినహాయింపులు ఉన్నాయి. శాశ్వత నివాసులకు ఈ నిషేధం వర్తించదు. సదుద్దేశంతో తూటాల పెట్టె మోయడం కూడా చిక్కులకు దారితీయవచ్చు కాబట్టి తమ స్థితి ఏమిటో న్యాయవాదిని అడిగి తెలుసుకొన్న తరువాతే ముందుకు వెళ్ళాలి. నమోదు బల్ల, వంటలు, ప్రథమ చికిత్స వంటి పనులకు తుపాకీ ముట్టుకోవలసిన అవసరమే ఉండదు.

భారతదేశంలో గురిక్రీడ మరొక దారిలో పెరిగింది. 1951లో ఏర్పడిన జాతీయ రైఫిల్ సంఘం పర్యవేక్షణలో, శిక్షణ పొందిన అధికారుల నిర్వహణలో పోటీలు జరుగుతాయి. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం సాధించారు. హైదరాబాదుకే చెందిన ఈషా సింగ్ 2018లో 13 ఏళ్ళ వయసులో జాతీయ సీనియర్ విజేతగా నిలిచి, 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో ఒక స్వర్ణం, మూడు రజతాలు గెలిచారు. ఆమె తండ్రి సచిన్ సింగ్ స్వయంగా మోటారు ర్యాలీ క్రీడాకారుడు. ఇక్కడ తల్లిదండ్రుల త్యాగం తక్కువది కాదు. అయితే అది ప్రధానంగా సొంత బిడ్డ కోసం పెట్టే ఖర్చు, చేసే ప్రయాణం, వెచ్చించే కాలం. ఇతరుల బిడ్డల కోసం గీత దగ్గర నిలబడే అవకాశం వారికి తక్కువ. జిల్లా స్థాయి బాలల పోటీలలోనైనా నమోదు, భద్రతా పరిశీలన వంటి పనులలో శిక్షణ ఇచ్చి తల్లిదండ్రులను భాగస్వాములను చేయడం ఆలోచించదగినది.

8. ముగింపు

బాలల గురిపోటీలలో తల్లిదండ్రుల సేవ మొదట ఖర్చు తగ్గించే ఏర్పాటుగా కనిపించినా దాని అసలు ప్రయోజనం అంతకంటే పెద్దది. ఆయుధంతో ముడిపడిన క్రీడలో ప్రతి కుటుంబమూ తన బిడ్డను ఇతరుల జాగ్రత్తకు అప్పగిస్తుంది. ఇతరుల బిడ్డల భద్రతను తన చేతిలోకి తీసుకొంటుంది. ఈ పరస్పర పూచీ లేకుంటే ఎన్ని నియమాలు రాసినా కాగితం మీదనే ఉంటాయి. మమకారాన్ని వదులుకొమ్మని ఈ వ్యవస్థ తల్లిదండ్రులను కోరదు. బిగ్గరగా ప్రకటించడం, వెంటనే అభ్యంతరం చెప్పనివ్వడం, ఎవరు కేకవేసినా తుపాకులు దించడం వంటి పద్ధతులతో ఆ మమకారాన్ని అదుపులో పెడుతుంది. ఆ పద్ధతులు బలంగా ఉన్నచోట సేవ నిలుస్తుంది. అవి సడలినచోట ఎంత మంచి మనసుతో వచ్చిన తల్లిదండ్రులైనా పిల్లలను కాపాడలేరు. కాబట్టి ఇటువంటి పోటీకి బిడ్డను పంపదలచినవారు మొదట చూడవలసినది పతకాల సంఖ్యను కాదు. గీత దగ్గర నిలబడిన పెద్దలకు శిక్షణ ఉన్నదా, 'ఆపండి' అన్న మాటకు అక్కడ అందరూ ఆగుతారా అన్నది.